పాషాణాన్ని పసిగట్టే బాక్టీరియా

1983లో కలకత్తాలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవ్యాధుల నిపుణుడిగా పనిచేస్తున్న కె. సి. సాహా దగ్గరికి పశ్చిమ బెంగాల్ పల్లెల నుంచి కొందరు రోగులు వచ్చారు. ఛాతీ మీద, వీపు మీద వాన చినుకులు పడి ఆరినట్టు నల్లని, తెల్లని మచ్చలు. అరచేతుల్లో, అరికాళ్ళలో చర్మం మందమై బుడిపెలు కట్టి ఉంది. ఊళ్ళో జనం ఇటువంటి మచ్చలను చూసి కుష్ఠువనుకొని దూరం పెట్టడం మామూలు. సాహా దాన్ని పాషాణం వల్ల వచ్చిన దీర్ఘకాలిక విషప్రభావంగా గుర్తించారు. ఆ విషం ఎవరూ పెట్టినది కాదు, వాళ్ళు రోజూ తాగే చేతిపంపు నీళ్ళలోనే ఉంది.

ఇక్కడ పాషాణమంటే ఆర్సెనిక్. తెలుగులో పాషాణానికి రాయి అనే అర్థమూ ఉంది, విషమనే అర్థమూ ఉంది. శంఖపాషాణం, తాళకం, మణిశిల అని మన వైద్యగ్రంథాల్లో కనిపించేవన్నీ ఈ మూలకపు రూపాలే. రసాయన శాస్త్రం దృష్టిలో ఇది పూర్తిగా లోహం కాదు, అర్ధలోహం. అయితే తాగునీటి విషయంలో దీన్ని సీసం, పాదరసం, కాడ్మియంల సరసనే చేర్చి మాట్లాడతారు. బాక్టీరియాలను లోహాల ఉనికి చెప్పే పరికరాలుగా మలిచే ప్రయత్నాల్లో అన్నిటికంటే ముందుకు సాగినదీ, అన్నిటికంటే పెద్ద అవసరం వెంట నడిచినదీ ఈ పాషాణం కథే.

ఆ అవసరం ఎంత పెద్దదో ముందు చూడాలి. బంగ్లాదేశ్‌లో 1970ల దాకా పల్లెల్లో చాలామంది చెరువుల, కుంటల నీళ్ళు తాగేవారు. కలరా, అతిసారాలతో పిల్లలు పెద్దసంఖ్యలో చనిపోయేవారు. యూనిసెఫ్ సాయంతో ప్రభుత్వం చేతిపంపులు వేయించింది. ఆ తరువాత జనం తమ సొంత డబ్బుతోనే లక్షలాదిగా వేయించుకున్నారు. భూమి లోపలి నీటిలో రోగక్రిములు ఉండవన్నది ఆనాటి ఆలోచన. క్రిముల వరకు అది సరైనదే. పాషాణం కోసం ఎవరూ పరీక్షించలేదు. బంగ్లాదేశ్ నీళ్ళలో అది మొదటిసారి బయటపడింది 1993లో. బ్రిటిష్ జియలాజికల్ సర్వే 2001లో ప్రకటించిన సర్వే ప్రకారం, లోతు తక్కువ బావుల్లో 27 శాతం ఆ దేశపు పరిమితి అయిన లీటరుకు 50 మైక్రోగ్రాములను దాటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన 10 మైక్రోగ్రాముల పరిమితిని దాటినవి 46 శాతం. అంతకు ముందు ఏడాది ఆ సంస్థ పత్రికలోనే వచ్చిన ఒక వ్యాసం, మూడున్నర కోట్ల నుంచి ఏడు కోట్ల డెబ్భై లక్షల దాకా జనం ప్రమాదంలో ఉన్నారనీ, చరిత్రలో ఒక జనాభా మొత్తానికి ఇంత భారీగా విషం సోకిన సందర్భం మరొకటి లేదనీ చెప్పింది.

లీటరుకు 10 మైక్రోగ్రాములంటే, లక్ష లీటర్ల నీటిలో ఒక్క గ్రాము. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచి వడపోస్తే పోయేది కాదు. నీరు ఆవిరైన కొద్దీ పాషాణపు పాలు పెరుగుతుంది కనుక, కాచడం వల్ల నష్టమే. మచ్చలు బయటపడడానికి ఏళ్ళు పడుతుంది. చర్మానికి, ఊపిరితిత్తులకు, మూత్రాశయానికి వచ్చే కేన్సర్లు దశాబ్దాల తరువాతే కనిపిస్తాయి. ఢాకాకు తూర్పున ఉన్న అరాయిహజార్ ప్రాంతంలో వేలాది మందిని ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధకులు 2010లో లాన్సెట్ పత్రికలో ఒక లెక్క ఇచ్చారు. వాళ్ళు చూసిన జనంలో సంభవించిన మొత్తం మరణాల్లో సుమారు 21 శాతానికి, 10 మైక్రోగ్రాములకు మించిన పాషాణమున్న నీళ్ళే కారణం కావచ్చునని. అంటే దాదాపు ఐదు చావుల్లో ఒకటి.

ఈ పాషాణం కార్ఖానాల నుంచి వచ్చింది కాదు. హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రులో ఇనుప ఆక్సైడు రేణువులకు అంటుకొని వచ్చింది. లోతున ఆక్సిజన్ అందని బురదలో కొన్ని రకాల బాక్టీరియాలు కుళ్ళిన ఆకూ అలమూ తింటూ, ఊపిరి తీయడానికి ఆక్సిజన్‌కు బదులు ఇనుమును వాడుకుంటాయి. ఇనుము కరిగి నీటిలో కలుస్తుంది, దానితోపాటు పాషాణమూ విడుదలవుతుంది. బెంగాల్ డెల్టా మట్టిలో ఇది జరిగే తీరును మాంచెస్టర్ పరిశోధకులు 2004లో నేచర్ పత్రికలో చూపించారు. విషాన్ని నీటిలోకి వదిలేవి బాక్టీరియాలే. దాన్ని కనిపెట్టే పనికి మనిషి ఎంచుకున్నవీ బాక్టీరియాలే. ఈ కథలో ఆ రెండూ ఎదురుపడే చోటు ఇనుము. ఆ సంగతి తరువాత వస్తుంది.

ఒండ్రు పొరలు చోటు చోటుకూ మారతాయి కాబట్టి, పాషాణం మోతాదు కూడా బావి బావికీ మారుతుంది. ఒక ఇంటి పంపులో 200 మైక్రోగ్రాములుంటే, పాతిక ముప్ఫై గజాల అవతల పొరుగింటి పంపులో అసలేమీ లేకపోవచ్చు. సమస్యలోని కష్టమూ ఇదే, ఆశ కూడా ఇదే. ఊరికొక బావిని పరీక్షిస్తే చాలదు, ప్రతి బావినీ పరీక్షించాలి. అయితే పరీక్షించి చెబితే చాలు, చాలామందికి మంచినీళ్ళు నడిచి వెళ్ళే దూరంలోనే ఉన్నాయి. అరాయిహజార్‌లో తమ పంపు మంచిది కాదని తెలిసిన కుటుంబాల్లో సగానికి మించి ఏడాదిలోపే వేరే పంపుకు మారాయి. వాళ్ళకు డబ్బివ్వలేదు, ఫిల్టర్లివ్వలేదు. ఇచ్చింది సమాచారం మాత్రమే. ప్రజారోగ్యంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితమిచ్చే చికిత్సలు అరుదు.

ఆ సమాచారం ఎలా వస్తుంది? ప్రయోగశాలలో అణు శోషణ వర్ణపట యంత్రంతో కొలిస్తే ఖచ్చితమైన అంకె వస్తుంది. కానీ ఆ యంత్రం నగరంలో ఉంటుంది, బావులు లక్షల్లో ఉంటాయి. అందుకే 2000 తరువాతి కొన్నేళ్ళలో బంగ్లాదేశ్ ప్రభుత్వం, సహాయ సంస్థలు కలిసి దాదాపు 50 లక్షల బావులను రసాయన కిట్లతో పరీక్షించి, మంచి పంపులకు ఆకుపచ్చ రంగు, చెడ్డవాటికి ఎర్ర రంగు వేశాయి. ఆ కిట్ల వెనక ఉన్నది పంతొమ్మిదో శతాబ్దపు గుట్‌జైట్ పద్ధతి. నీటిలో ఆమ్లం, జింకు పొడి వేస్తే పాషాణం ఆర్సీన్ అనే వాయువుగా మారి పైకి లేస్తుంది. మూతలో పెట్టిన పాదరసపు బ్రోమైడు కాగితానికి అది తగిలితే పసుపు నుంచి గోధుమ వరకు మరక పడుతుంది. మరక రంగును కార్డు మీది రంగులతో పోల్చి చూడాలి. ఆర్సీన్ ప్రాణాంతకమైన వాయువు. వాడి పారేసిన కాగితంలో పాదరసం ఉంటుంది. విషాన్ని కనిపెట్టడానికి మరో రెండు విషాలను పల్లెకు తీసుకెళ్ళడమన్నమాట. పైగా రంగు పోల్చడం కంటికీ వెలుతురుకూ ఓపికకూ లోబడిన పని. 2002లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆనాటి కిట్ల ఫలితాలను ప్రయోగశాల కొలతలతో పోల్చి చూసినప్పుడు తప్పులు గణనీయంగా కనిపించాయి. తరువాత వచ్చిన కిట్లు మెరుగయ్యాయి. 2005లో అరాయిహజార్‌లో ఒక కిట్ 50 మైక్రోగ్రాముల పరిమితి దగ్గర దాదాపు 88 శాతం బావులకు సరైన తీర్పే చెప్పింది. అయితే 10 మైక్రోగ్రాముల దగ్గర మరక చాలా లేతగా ఉంటుంది, కంటికి ఆనదు.

ఇటువంటి చోట బాక్టీరియా ఏం చేయగలదు? అది కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు. భూమి మీద పాషాణం ఎప్పటినుంచో ఉంది, దానితో వేగడం సూక్ష్మజీవులు ఎప్పుడో నేర్చుకున్నాయి. మన పేగుల్లో కాపురముండే ఈ. కోలైలో అందుకోసం ఏఆర్ఎస్ అనే జన్యువుల జట్టు ఒకటి ఉంది. అందులో ముఖ్యమైనవి మూడు: ఒకటి కాపలాదారు, ఒకటి పాషాణాన్ని కణం బయటికి తోడిపోసే పంపు, ఒకటి ఆర్సినేట్‌ను ఆర్సినైట్‌గా మార్చే ఎంజైము.

ఈ మూడో దాని అవసరం ఎందుకొచ్చిందో చెప్పుకోదగ్గది. నీటిలో పాషాణం ప్రధానంగా రెండు రూపాల్లో ఉంటుంది. ఆర్సినేట్ రూపం అచ్చం ఫాస్ఫేట్‌లా ఉంటుంది. ఫాస్ఫేట్ లేనిదే ఏ కణమూ బతకదు, కాబట్టి దాన్ని లోపలికి తెచ్చుకునే ద్వారాలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ఆర్సినేట్ ఆ వేషంలో లోపలికి వచ్చేస్తుంది. రెండో రూపం ఆర్సినైట్. అది గ్లిసరాల్ కోసం ఉన్న ద్వారం గుండా దూరుతుంది. కణంలోని పంపు తోడిపోయగలిగింది ఆర్సినైట్‌ను మాత్రమే. అందుకే లోపలికొచ్చిన ఆర్సినేట్‌ను ముందు ఆర్సినైట్‌గా మార్చి, ఆపైన బయటికి తోడుతుంది. ఆర్సినైట్ మరింత విషపూరితమైనదే అయినా, కణానికి వేరే దారి లేదు.

కాపలాదారు పేరు ఏఆర్ఎస్‌ఆర్. ఇదొక చిన్న ప్రోటీన్. మామూలు వేళల్లో ఇది డీఎన్‌ఏ మీద, సరిగ్గా ఆ జన్యువుల మొదట్లో కూర్చొని ఉంటుంది. అది కూర్చున్నంతసేపూ ఆ జన్యువులను చదివే యంత్రాంగం ముందుకు కదలదు. పాషాణం లేనప్పుడు పంపులు తయారుచేయడం దండగ కదా. ఆర్సినైట్ వచ్చినప్పుడు ఈ ప్రోటీన్‌లో దగ్గర దగ్గరగా ఉన్న మూడు సిస్టీన్ల గంధకపు కొసలు దాన్ని పట్టుకుంటాయి. దానితో ప్రోటీన్ ఆకారం మారి డీఎన్‌ఏ మీద పట్టు సడలుతుంది. దారి తెరుచుకొని జన్యువులు పనిలోకి దిగుతాయి.

పాషాణానికీ గంధకానికీ ఉన్న ఈ అనుబంధం వైద్యులకు కొత్త కాదు. మనిషి శరీరంలో పాషాణం చేసే హానిలో పెద్ద పాలు, ఎంజైముల్లోని గంధకపు కొసలను పట్టుకొని వాటిని పనిచేయనీయకపోవడమే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆక్స్‌ఫర్డ్‌లో రుడాల్ఫ్ పీటర్స్ బృందం లూయిసైట్ అనే పాషాణపు విషవాయువుకు విరుగుడు వెతికినప్పుడు, పక్కపక్కనే రెండు గంధకపు కొసలున్న డైమర్‌కాప్రోల్‌ను తయారుచేసింది. ఇప్పటికీ పాషాణ విషానికి ఇచ్చే మందుల్లో అదొకటి. శరీరం దెబ్బతినేదీ, మందు పనిచేసేదీ, బాక్టీరియా విషాన్ని గుర్తించేదీ ఒకే రసాయన బంధం వల్ల.

ఇక ఇంజనీరింగ్ సంగతి. ఆలోచన చాలా సులువైనది. కాపలాదారు తెరిచే దారి చివర పంపు జన్యువుకు బదులు కంటికి కనిపించే పని చేసే జన్యువును పెట్టడం. సముద్రపు బాక్టీరియాల నుంచి తెచ్చిన లూసిఫరేజ్ జన్యువును పెడితే కణం వెలుగునిస్తుంది. బీటా గెలాక్టోసిడేజ్ జన్యువును పెడితే తగిన రసాయనం కలిపినప్పుడు నీలిరంగు వస్తుంది. జెల్లీ చేప నుంచి వచ్చిన ప్రోటీన్ జన్యువైతే ఆకుపచ్చగా మెరుస్తుంది. 2006లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ విద్యార్థులు ఒక పోటీ కోసం ఇంకా చవకైన దారి వెతికారు. పాషాణం ఉంటే కణం లాక్టోజును పులియబెట్టి నీటిని ఆమ్లంగా మార్చేలా, లేకపోతే క్షారంగా మార్చేలా దాన్ని మలిచారు. అప్పుడు జవాబు చదవడానికి యంత్రమేమీ అక్కర్లేదు, పాఠశాల ప్రయోగశాలల్లో ఉండే రంగు సూచిక చాలు.

చెప్పడానికి ఇంతే అయినా, చేయడంలో ఒక చిక్కుంది. కాపలాదారు ఎంత గట్టిగా కూర్చున్నా, పూర్తిగా మూసుకోని కొళాయిలా జన్యువు చుక్క చుక్కగా కారుతూనే ఉంటుంది. దానికో కారణముంది. కాపలాదారు ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు కూడా అదే కాపలా కింద ఉంది. కాపలాదారులు ఎక్కువైతే తమ ఉత్పత్తిని తామే ఆపుకుంటారు. తగ్గిపోతే దారి కొంచెం తెరుచుకొని మళ్ళీ కొందరు పుడతారు. తన అవసరానికి తగిన సంఖ్యను తానే నిలుపుకునే చక్కని ఏర్పాటిది. బాక్టీరియాకు ఆ చిన్న కారుడు వల్ల నష్టమేమీ లేదు. కొలిచే వారికి మాత్రం అదే పెద్ద తలనొప్పి. పాషాణం లేని నీటిలోనూ కణం కొంచెం వెలుగుతూ ఉంటే, 10 మైక్రోగ్రాముల వల్ల వచ్చిన అదనపు వెలుగు ఆ మసక వెలుతురులో కలిసిపోతుంది.

స్విట్జర్లాండ్‌లో యాన్ రూలోఫ్ వాన్‌డర్‌మేర్ బృందం 2003లో చూపిన పరిష్కారం ఈ రంగంలో అందమైన పనుల్లో ఒకటి. వాళ్ళు కాపలాదారు జన్యువుకూ, దాని వెనక ఉన్న వెలుగు జన్యువుకూ నడుమ కాపలాదారు కూర్చోగలిగిన రెండో చోటు ఒకటి పెట్టారు. మొదటి చోటు దగ్గర తప్పించుకొని వచ్చిన యంత్రాంగం కాపలాదారు జన్యువునైతే చదవగలదు, కానీ ముందుకు సాగి వెలుగు జన్యువును చేరేలోపు రెండో చోట మరో కాపలాదారు అడ్డం ఉంటాడు. కణం తన లెక్క తాను చూసుకోవడానికి కావలసిన కారుడు అలాగే మిగిలింది, వెలుగులోకి మాత్రం కారడం చాలావరకు ఆగింది. దానితో లీటరుకు నాలుగైదు మైక్రోగ్రాముల పాషాణం కూడా తెలిసింది. ఆ బృందం ఇదే బాక్టీరియాను కాగితపు పట్టీ మీద ఎండబెట్టి, నీటిలో ముంచితే నీలిరంగు వచ్చే పరీక్షగానూ చేసి చూపింది.

పాదరసం విషయంలో ప్రకృతి వేరే ఉపాయం పన్నింది. అక్కడి కాపలాదారు ఎంఈఆర్ఆర్ పాదరసం వచ్చినప్పుడు డీఎన్‌ఏను వదిలి వెళ్ళిపోదు. అక్కడే ఉండి డీఎన్‌ఏ మెలికను కొంచెం విప్పి, తానే జన్యువును పనిచేయిస్తుంది. అందువల్ల కారుడు తక్కువ, స్పందన చురుకు. 1993లో సెలిఫోనోవా, బర్లేజ్, బార్కే అనే ముగ్గురు పరిశోధకులు దీన్ని వాడి, పాదరసం తగిలితే వెలుగునిచ్చే బాక్టీరియాలను తయారుచేశారు. ఆసుపత్రుల్లో కనిపించే మొండి స్టాఫిలోకాకస్‌లలో పాదరసాన్ని తట్టుకునే జన్యువులు పెన్సిలిన్‌ను తట్టుకునే జన్యువుతో పాటు ఒకే ప్లాస్మిడ్ మీద ఉంటాయని 1960ల నుంచే తెలుసు. పాదరసపు మందులతో గాయాలు కడిగిన కాలం మనకు మిగిల్చిన జ్ఞాపకాల్లో అదొకటి.

ఆ ముగ్గురి పత్రం పేరులోనే ఒక కీలకమైన మాట ఉంది: జీవులకు అందే పాదరసం. యంత్రం నీటిలో మొత్తం ఎంత ఉందో చెబుతుంది. బాక్టీరియా తన లోపలికి ఎంత వచ్చిందో చెబుతుంది. మట్టికి అంటుకున్నది, వేరే పదార్థాలతో గట్టిగా ముడిపడినది కణంలోకి రాదు కాబట్టి కణం దాన్ని చూడదు. ఒక చెరువులో చేపలకు ఎంత హాని అన్నది ప్రశ్న అయితే, బాక్టీరియా చెప్పే అంకే ఎక్కువ అర్థవంతం. తాగునీటి విషయంలో మాత్రం అలా అనలేం. బాక్టీరియాకు అందని పాషాణం మనిషి కడుపులోని ఆమ్లంలో విడివడి అందవచ్చు. ఈ రంగం గురించి రాసేవారు చాలామంది ఈ గుణాన్ని ఎప్పుడూ మేలుగానే చెబుతారు. అది అడిగే ప్రశ్నను బట్టి ఉంటుంది.

బెంగాల్ లోనూ, వియత్నాం లోనూ ఈ తేడా మాటవరసకు చెప్పుకునేది కాదు. అక్కడి భూగర్భ జలంలో ఇనుము విస్తారంగా ఉంది. లోతున ఆక్సిజన్ లేనప్పుడు అది కరిగి ఉంటుంది. పంపుతో పైకి తోడగానే గాలి తగిలి తుప్పులా మారి అడుగుకు దిగుతుంది. చేతిపంపుల గట్ల మీద కనిపించే ఎర్రటి మరక అదే. దిగేటప్పుడు అది పాషాణాన్ని కూడా పట్టుకొని దిగుతుంది. సీసాలోని పాషాణం ఇనుపరేణువులకు అంటుకుపోయాక బాక్టీరియాకు ఏం కనిపిస్తుంది? తక్కువ అంకె. విషపు బావికి మంచి బావి అనే తీర్పు.

2005లో వియత్నాం, స్విట్జర్లాండ్ పరిశోధకులు కలిసి ఎర్రనది, మెకాంగ్ డెల్టాల నుంచి 194 నీటి నమూనాలు సేకరించి, బాక్టీరియా పరీక్షనూ యంత్రపు కొలతనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ముందు పరిష్కరించవలసి వచ్చింది దీన్నే. నమూనాలో ఆమ్లం కలిపి ఇనుము తుప్పు పట్టకుండా ఆపారు. ఆమ్లంలో బాక్టీరియా బతకదు కాబట్టి పరీక్షకు ముందు పైరోఫాస్ఫేట్‌తో ఆ పులుపును విరిచారు. అది ఇనుమును కూడా పట్టి ఉంచుతుంది. ఆ తరువాత ఫలితాలు బాగున్నాయి. లీటరుకు 7 మైక్రోగ్రాముల నుంచి కణాలు నమ్మదగినట్టు స్పందించాయి. 10 నుంచి 100 వరకు పాషాణం పెరిగినకొద్దీ వెలుగు దాదాపు సరళరేఖలా పెరిగింది. 10 మైక్రోగ్రాముల పరిమితి దగ్గర చెడ్డ నీటిని మంచిదని చెప్పిన తప్పులు సగటున 8 శాతం, మంచినీటిని చెడ్డదని చెప్పినవి 2.4 శాతం. కంటితో చూసి చెప్పే కిట్లకు అంత కింది పరిమితి దగ్గర ఇది అందనిది.

ఈ రెండు అంకెలను ఒక వైద్యపరీక్షను చూసినట్టే చూడాలి. రెండు తప్పులకూ ఖరీదు ఒకటి కాదు. చెడ్డ పంపుకు ఆకుపచ్చ రంగు వేస్తే, ఆ ఇంటివాళ్ళు ఇరవై ఏళ్ళపాటు ధీమాగా ఆ నీళ్ళు తాగుతారు. పరీక్షించకపోయి ఉంటే కనీసం అనుమానమైనా మిగిలేది. మంచి పంపుకు ఎర్ర రంగు వేయడమూ తేలికైన తప్పు కాదు. దగ్గరలో వేరే పంపు లేకపోతే వాళ్ళు తిరిగి కుంట నీళ్ళకే పోవచ్చు, అతిసారం ఇరవై ఏళ్ళు ఆగదు. అయినా ఈ రెంటిలో మొదటిదే ఎక్కువ భయపెట్టాలి. బాక్టీరియా పరీక్షలో ఎక్కువగా ఉన్నదీ మొదటి రకం తప్పే. 10 దగ్గర కాకుండా 7 దగ్గరే గీత గీసి, ఆ పైనున్న వాటన్నిటినీ మళ్ళీ యంత్రంతో చూడడం ఒక దారి. కేన్సర్‌ను ముందుగా పట్టుకునే పరీక్షల్లో వైద్యులు అనుసరించేది ఆ పద్ధతే.

ఇంత పనిచేసే పరీక్ష పల్లెకు ఎందుకు చేరలేదు? కొంత కారణం అది ప్రాణి కావడం. ప్రాణికి ఆకలి ఉంటుంది, ఎండదెబ్బ ఉంటుంది, ఒక రోజున్నట్టు ఇంకో రోజు ఉండదు. అందుకే ప్రతిసారీ పాషాణం మోతాదు ముందే తెలిసిన నీటితో పోల్చి చూసుకోవాలి. నిలవ ఉంచడానికి కణాలను గడ్డకట్టించి, శూన్యంలో తేమను లాగేసి, ఇన్‌స్టంట్ కాఫీలా పొడిచేసే పద్ధతి ఉంది. జర్మనీలో లైప్‌జిగ్‌లోని హెల్మ్‌హోల్ట్స్ పర్యావరణ పరిశోధన కేంద్రం ఆర్సోలక్స్ పేరుతో అలాంటి కిట్‌ను తయారుచేసి బంగ్లాదేశ్ బావుల మీద ప్రయత్నించింది. పొడి చేసిన బాక్టీరియా మూతపెట్టిన చిన్న గాజుసీసాల్లో ఉంటుంది. నీటిని సూదితో రబ్బరు మూత గుండా ఎక్కించి, కొన్ని గంటల తరువాత చేతిలో పట్టే యంత్రంతో వెలుగును కొలవాలి. సీసా మూత తీయవలసిన పనే లేదు.

మూత తీయకపోవడంలో రెండో కారణం దాగి ఉంది. జన్యువులు మార్చిన జీవులను ఐరోపా చట్టాలు రెండు గదుల్లో పెట్టి చూస్తాయి. ప్రయోగశాలలో మూసి ఉంచి వాడడం ఒకటి, కావాలని పర్యావరణంలోకి వదలడం రెండోది. పల్లెలో ఒక ఇంటి అరుగు మీద వాడే మూతపెట్టిన సీసా ఈ రెంటిలో దేనికీ సరిగ్గా సరిపోదు. పరీక్ష అవసరమైన దేశాల్లో నియమాలు మరీ అస్పష్టం. భయానికి ఆధారం ఎంతన్నది విడిగా చూడవలసిన సంగతి. ఈ పనులకు వాడే ఈ. కోలై కె-12 రకం 1922లో స్టాన్‌ఫర్డ్‌లో ఒక రోగి మలం నుంచి తీసినది. అప్పటి నుంచి ప్రయోగశాల గిన్నెల్లో పెరిగి పెరిగి మనిషి పేగుల్లో నిలదొక్కుకునే శక్తిని చాలావరకు పోగొట్టుకుంది. పెరట్లో పారబోస్తే అక్కడి సూక్ష్మజీవుల ముందు అది ఎన్నో రోజులు నిలవదు. అంతకంటే పట్టించుకోవలసింది, దాన్ని తయారుచేసేటప్పుడు గుర్తుగా పెట్టే యాంటీబయాటిక్ నిరోధక జన్యువు. అది ఇతర బాక్టీరియాలకు పాకే అవకాశముంది. దాన్ని తీసేసి తయారుచేసే మార్గాలు ఉన్నాయి కాబట్టి, అది ఉన్న రూపాన్ని పల్లెకు పంపకూడదని పట్టుబట్టడం న్యాయమే. ఇక జనానికి చెప్పడం. తాగునీటిలో ఈ. కోలై కనిపిస్తే ఆ నీళ్ళు తాగవద్దని వైద్యులే ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. ఇప్పుడు ఆ పేరే ఉన్న సీసా పట్టుకొని నీటిని పరీక్షించడానికి వచ్చామంటే ఏ ఇల్లాలైనా ఒకటికి రెండుసార్లు అడుగుతుంది. అడగవలసిందే.

ఈ చిక్కులన్నీ కణం బతికి ఉండడం వల్లే కనుక, కణాన్నే తీసేస్తే ఏమవుతుందన్న ఆలోచన గత పదేళ్ళలో బలపడింది. బాక్టీరియాలను చిదిమి, జన్యువులను చదివి ప్రోటీన్లను తయారుచేసే లోపలి సరంజామాను మాత్రం తీసి, అందులో కావలసిన డీఎన్‌ఏను కలిపి ఎండబెడతారు. నీటిచుక్క తగిలితే పని మొదలవుతుంది. అది పెరగదు, పిల్లలు పెట్టదు కాబట్టి పర్యావరణంలోకి వదలడమనే ప్రశ్నే రాదు. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలోని జూలియస్ లక్స్ బృందం ఈ దారిలో 2020లో ఫ్లోరైడును గుర్తించే పరీక్షను తయారుచేసి కోస్టారికాలో బావుల దగ్గరే వాడి చూసింది. అందులో ఫ్లోరైడును పట్టేది బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా నుంచి తీసుకున్న ఒక ఆర్‌ఎన్‌ఏ ముక్క. ఫ్లోరైడు లోహం కాకపోయినా తెలుగువారికి ఈ వార్త పట్టకుండా పోదు. ఫ్లోరైడు నీళ్ళతో ఎముకలు వంగిపోయే వ్యాధిని మద్రాసు రాష్ట్రంలో, నెల్లూరు జిల్లా పల్లెల్లో షార్ట్ బృందం 1937లోనే వర్ణించింది. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నీరీ సంస్థ నల్గొండ పేరే పెట్టింది. అక్కడ కూడా బావి బావికీ తేడా ఉంది, అక్కడ కూడా రుచితో తెలియదు.

అయితే కణాన్ని తీసేసినప్పుడు దాని ఇబ్బందులతో పాటు దాని పనితనమూ కొంత పోతుంది. చుట్టూ పొర లేదు కనుక నీటిలోని ఉప్పు, ఇనుము, మురికి నేరుగా ఆ సరంజామాకే తగులుతాయి. ఆర్సినేట్‌ను ఆర్సినైట్‌గా మార్చే ఎంజైము పని బతికిన కణంలో అడగకుండానే జరిగిపోయేది. ఏఆర్ఎస్‌ఆర్ పట్టుకునేది ఆర్సినైట్‌ను మాత్రమే. గాలి తగిలిన నీటిలో పాషాణం క్రమంగా ఆర్సినేట్‌గా మారుతుంది. అంటే పంపు నుంచి అప్పుడే పట్టిన నీటికీ, బిందెలో రాత్రంతా నిలవ ఉన్న నీటికీ కణం లేని పరీక్ష వేర్వేరు జవాబులు చెప్పే ప్రమాదముంది. ఆ మార్పును చేసే ఏర్పాటును విడిగా కలపాలి, లేదా నీటిని పంపు దగ్గరే, పట్టిన వెంటనే పరీక్షించాలి.